బైసన్ కాదు, మీ ఫోనే మిమ్మల్ని కుమ్మిస్తోంది!

అమెరికాలోని ఎల్లోస్టోన్ నేషనల్ పార్కులో మళ్లీ అదే సీన్. రోడ్డు పక్కన మేస్తున్న బైసన్ (అక్కడి అడవి దున్న), ఫోన్ చాచి అడుగులో అడుగేస్తూ దాని మీదికి వెళ్లే టూరిస్టు, వెనక కారులోంచి "ఇంకొంచెం ముందుకెళ్లు" అనే గొంతు. ఇలాంటి వీడియో ఒక్కటైనా మీ వాట్సాప్‌కి రాకుండా ఉండదు. కింద కామెంట్లు కూడా ఎప్పుడూ ఒకటే: బుద్ధి లేదు, పొగరు, అలాగే కావాలి.

నేను ఒప్పుకోను. అసలు దోషి ఆ మనిషి చేతిలో ఉంది. ఫోన్! ఇంకా సూటిగా చెప్పాలంటే ఫోన్‌లోని వైడ్ లెన్స్, అంటే ఎదురుగా ఉన్నదంతా వెడల్పుగా ఫ్రేములో పట్టేసేది.

లెక్క చూడండి. పార్కు రూలు ప్రకారం బైసన్‌కి 25 గజాల దూరం, అంటే 23 మీటర్లు. ఎలుగుబంటికి, తోడేలుకి 100 గజాలు, అంటే 91 మీటర్లు. 23 మీటర్ల దూరంలో నిలబడి ఫోన్‌లో వన్ ఎక్స్‌లో, అంటే జూమ్ చేయకుండా, ఫోటో తీస్తే ఫ్రేములో దాదాపు 35 మీటర్ల వెడల్పు మైదానం పడుతుంది. బైసన్ పొడవు 3 మీటర్ల పైచిలుకు. 900 కిలోల మగ బైసన్ మీ స్క్రీన్‌లో పదో వంతు! కంటికి అంత పెద్దగా కనబడేది ఫోన్‌లో చిన్న గోధుమరంగు మచ్చ. మనిషి ఏం చేస్తాడు? ముందుకు నడుస్తాడు. స్క్రీన్‌లో ఇంకా చిన్నగానే ఉంది కాబట్టి నిజంగానే దూరంగా ఉందనుకుంటాడు. అదేమో గంటకి 55 కిలోమీటర్ల వేగంతో వచ్చి పడుతుంది. ఇక సెల్ఫీ అయితే మరీ ఘోరం, దానికి వీపు చూపించి నిలబడాలి.

2015లో ఎల్లోస్టోన్‌లో బైసన్లు 5 మందిని గాయపరిచాయి. వాళ్లలో ముగ్గురు ఫోటోలు తీస్తున్నవాళ్లే, అందులో ఒకరిది సెల్ఫీ. ఫోన్లలో జూమ్ తక్కువ కావడం, సెల్ఫీల మోజు కలిసి జనాన్ని దగ్గరికి లాగుతున్నాయేమో అని అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ 2016లోనే రాసింది. వాళ్లు "ఏమో" అన్నారు. నేను ఆ "ఏమో" తీసేస్తున్నా.

"నా ఫోన్‌లో ఫైవ్ ఎక్స్ జూమ్ ఉందండీ" అంటారు. ఉంది. కానీ జంతువులు బాగా తిరిగేది తెల్లవారుజామున, సాయంత్రం పూట. ఆ వెలుతురులో ఆ చిన్న సెన్సర్ బొచ్చునంతా అలికేస్తుంది. అప్పుడు మళ్లీ కాళ్లకే పని.

మా ఆవిడా నేనూ క్యాంపర్‌లో, అంటే లోపలే పడుకునే వీలున్న బండిలో, తిరిగేది ఇందుకే. బైసన్లకి బండి అంటే లెక్కే లేదు, పక్కనుంచే నడిచి వెళ్లిపోతాయి. తలుపు తీసి మనిషి దిగాడా, అప్పుడు తల ఎత్తుతాయి. పార్కులోని హేడెన్ వ్యాలీలో రోడ్డు వదిలి పక్కన ఆపుతాం. లెన్స్ వణకకుండా ఇంజిన్ కట్టేస్తాం. పాత ప్యాంటు కాలులో బియ్యం పోసి కుట్టిన సంచిని కిటికీ మీద వేసి, దాని మీద కెమెరా పెడతా. బైనాక్యులర్స్ మా ఆవిడ చేతిలో. నేను ఫ్రేములో మునిగిపోయి ఉంటే తనే చెప్తుంది: "ఏవండీ, తోక లేపింది, అద్దం ఎక్కించండి." తోక లేచిందంటే బైసన్‌కి చిరాకొచ్చిందని అర్థం. ఒక్కరే వెళ్తే ఆ తోకని చూసేవాళ్లెవరు?

కెమెరాకి 400 ఎం.ఎం. లెన్స్, అంటే దూరంగా ఉన్నదాన్ని దగ్గరగా చూపించేది, పెడితే అదే 23 మీటర్ల నుంచి బైసన్ ఫ్రేములో పట్టదు! తల, మూపురం, అంతే. 91 మీటర్ల దూరంలో ఉన్న ఎలుగు ఫ్రేములో పావు వంతు వస్తుంది. రూలు పాటిస్తూనే వచ్చే ఫోటో ఇది.

క్యాంపర్ అంటే గుర్తొచ్చింది. హేడెన్ వ్యాలీకి దగ్గర్లోనే ఫిషింగ్ బ్రిడ్జ్ ఆర్‌వీ పార్కు, అంటే ఇలాంటి బళ్లు ఆపుకునే చోటు, ఉంది. అక్కడ గుడారాలు వేయనివ్వరు, గట్టి గోడలున్న బళ్లకే అనుమతి. గుడ్డ గోడల పాప్-అప్ ట్రైలర్‌కి కూడా లేదు. ఎందుకు? గ్రిజ్లీలు, అంటే అక్కడి పెద్ద ఎలుగుబంట్లు! రాత్రిపూట గుడ్డ గోడని నమ్మకూడదన్న చోట, పగలు ఉత్త టీషర్టుతో ఎలుగు వైపు నడిచేస్తారండీ జనం. చేతిలో ఫోన్ లేకపోతే నడుస్తారా? శ్రీశైలం ఘాట్‌లో కారు ఆపి, కోతికి అరటిపండు చాచేవాళ్లని చూడండి. రెండో చేతిలో ఏముంటుంది?

లెన్స్ ఖరీదు అంటారా, కొనక్కర్లేదు, అద్దెకి తీసుకోవచ్చు. దగ్గరికెళ్తే ఎంతవుతుందో ముందు చూడండి. 2023 మేలో అదే పార్కులోని లామార్ వ్యాలీలో ఒకాయన, మంద నది దాటుతుంటే వెనకబడిన పసి బైసన్ దూడని చేత్తో తోసి రోడ్డు దాకా ఎక్కించాడు. మంద దాన్ని మళ్లీ చేర్చుకోలేదు. అది కార్ల వెంట, మనుషుల వెంట పడుతుంటే చివరికి పార్కువాళ్లే చంపాల్సి వచ్చింది. ఆయన సాయం చేద్దామనే చేశాడేమో, దూడ మాత్రం పోయింది. జరిమానా 500 డాలర్లు. అంతకంటే చాలా తక్కువకే వారం రోజులకి 100-400 ఎం.ఎం. జూమ్ లెన్స్ అద్దెకి దొరుకుతుంది.

నమ్మకం లేనివాళ్లు ఈ ఆదివారమే చేసి చూడండి. 23 మీటర్లంటే క్రికెట్ పిచ్ పొడవు, పైన ఇంకో మూడు మీటర్లు. ఆ దూరంలో మీవాళ్లని నిలబెట్టి, వన్ ఎక్స్‌లో ఒకటి, స్నేహితుడి కెమెరా అడిగి జూమ్ లెన్స్‌తో ఒకటి తీయండి. రెండూ పక్కపక్కన పెట్టి నాకు పంపండి, వచ్చే వీడియోలో చూపిస్తా.