ఫోన్-ఇన్: విత్తనం కోసమే అయినా గంజాయి మొక్క పెంచొచ్చా?

యాంకర్: హలో, చెప్పండమ్మా. ఎక్కడి నుంచి?

కాలర్: ఖమ్మం నుంచి. లాయర్ గారికి నమస్తే. మా అబ్బాయిది జర్మనీలో ఉద్యోగం. అక్కడ ఇంట్లో గంజాయి పెంచుకోవచ్చట. వీడియో కాల్‌లో చూపించాడు కూడా. తెల్లటి పోచలు వచ్చింది ఆడ మొక్కట, గుండ్రటి మొగ్గలు గుత్తులుగా వేలాడేది మగదట. దాని పుప్పొడి పడితేనే గింజ కడుతుందట.

లాయర్: నమస్తే అమ్మా. నిజమే. 2024 ఏప్రిల్ 1 నుంచి అక్కడ పెద్దవాళ్ళు సొంతానికి మూడు మొక్కల దాకా పెంచుకోవచ్చు. పండింది ఇంకొకరికి ఇవ్వకూడదు, పిల్లలకు అందకూడదు. మరి మీ ఇబ్బందేమిటి?

కాలర్: సంక్రాంతికి వస్తూ గింజలు తెస్తాడట. మా డాబా మీద కుండీల్లో వేసి, రెండు రకాలు కలిపి కొత్త విత్తనం తీస్తాడట. తాగడానికి కాదు సార్, వాడికి సిగరెట్టు కూడా అలవాటు లేదు. మన చట్టంలోనే గింజ గంజాయి కాదని రాసుందంటాడు. నాకేమో టెన్షన్.

లాయర్: చదివాడు గానీ సగంలో ఆపేశాడు. 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టంలో, అంటే మత్తుమందుల మీద ఉన్న చట్టంలో, గంజాయి అంటే పూత, కాయ ఉన్న కొనలు. వాటితో కలవకుండా విడిగా ఉన్న గింజ, ఆకు అందులోకి రావు. అందుకే 2021లో ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆ గింజల నూనె, పిండి అమ్మకానికి ఒప్పుకుంది. కానీ మొక్క పెంచడం వేరే నేరం. సెక్షన్ 20 కింద పదేళ్ళ దాకా కఠిన జైలు, లక్ష దాకా జరిమానా. ఇన్ని మొక్కలని లెక్కేం లేదు, ఒక్కటి చాలు. పైగా గింజ కట్టాలంటే ముందు పూత రావాలి కదా! ఆ పూతే గంజాయి.

కాలర్: లైసెన్సు తీసుకుంటే?

లాయర్: ఉత్తరాఖండ్‌లో ఇస్తారు. అదీ నార కోసం, గింజ కోసం, టీహెచ్‌సీ అనే మత్తు పదార్థం 0.3 శాతం మించని రకాలకే. మీ డాబా కుండీలకు ఎవరూ ఇవ్వరు. ఇల్లు ఎవరి పేరున ఉందమ్మా?

కాలర్: నా పేరునే సార్. మా ఆయన పోయాక మార్పించుకున్నా.

లాయర్: తెలిసీ మీ ఇంట్లో పెంచనిస్తే సెక్షన్ 25 కింద మీ మీదా కేసు పెట్టొచ్చు. ఇది మాత్రం అబ్బాయికి గట్టిగా చెప్పండి. ఆ గింజలూ తేవద్దనండి. నాటే విత్తనం విదేశం నుంచి తేవాలంటే ప్లాంట్ క్వారంటైన్ పర్మిట్, అంటే మొక్కల తెగుళ్ళు దేశంలోకి రాకుండా చూసే శాఖ అనుమతి, ఉండాలి.

కాలర్: మొక్కలంటే పిచ్చి సార్ వాడికి. ఏదో ఒకటి కలిపి చూడాలంటాడు.

లాయర్: బెండలో కలపమనండి. రేపు పూసే మొగ్గలో సాయంత్రమే కేసరాలు తీసేసి, పొద్దున్నే ఇంకో రకం పుప్పొడి రాయడమే. దానికి ఏ సెక్షనూ లేదు.

యాంకర్: లాయర్ గారు వ్యవసాయం కూడా చెప్పేశారు! తర్వాతి కాల్ నల్గొండ నుంచి, పొలం గట్టు తగాదా. హలో...