పిల్లలు నోటితో ఊపిరి తీస్తుంటే: మయోఫంక్షనల్ థెరపీకి ఏడు నెలల తర్వాత మా రివ్యూ (తిరుపతి)

నమస్కారం అండి. ముందుగా ఈ గుండీ చూడండి. కోటుకి వేసే పెద్ద సైజు గుండీ ఇది. గాంధీ రోడ్డులో టైలరింగ్ సామాను అమ్మే షాపులో పది రూపాయలకు తెచ్చాను. రంధ్రాల్లోంచి గట్టి దారం దూర్చి ముడి వేశాను. మా బాబు దీన్ని పెదాల వెనక, పళ్ల ముందు పెట్టుకుని నోరు మూస్తాడు. నేను దారం మెల్లగా లాగుతాను. గుండీ జారకుండా వాడు పెదాలతోనే పట్టుకోవాలి. దారం ఎప్పుడూ పెద్దవాళ్ల చేతిలోనే ఉండాలండి, పిల్లల చేతికిచ్చి వదిలేయొద్దు, మింగేస్తే ప్రమాదం.

ఇలాంటి ఎక్సర్‌సైజులు చేయించే థెరపీ పేరు ఓరోఫేషియల్ మయోఫంక్షనల్ థెరపీ. పేరు పెద్దదే కానీ పని తేలిగ్గానే అర్థమవుతుంది. నాలుక, పెదాలు, బుగ్గల కండరాలకు సరైన అలవాటు నేర్పిస్తారు. మీరొకసారి 'ల' అనబోయి ఆగండి. పై పళ్ల వెనక చిన్న గట్టు ఉంది చూశారా, నాలుక కొస అక్కడ ఆనింది కదా? ఊరికే ఉన్నప్పుడు కూడా నాలుక అక్కడే అంగిలికి ఆని ఉండాలి, పెదాలు మూసి ఉండాలి, ఊపిరి ముక్కుతో ఆడాలి. మింగేటప్పుడు నాలుక పళ్లను ముందుకు తోయకూడదు.

మావాడికి ఇవేవీ లేవు. ఎనిమిదేళ్లు వాడికి. రాత్రి నోరు తెరిచే నిద్ర, పొద్దున లేచేసరికి దిండు తడి. మురుకు ఇస్తే ముందు పళ్లతో కొరకలేక పక్క పళ్ల కిందికి తోసుకునేవాడు. ముందు పళ్లు పైవీ కిందివీ కలవవు, మధ్యలో సందు. 'సాంబారు' అంటే నాలుక ఆ సందులోంచి బయటికొచ్చేది. రెండేళ్లపాటు నేను "నోరు మూసుకో రా" అని కసురుతూనే ఉన్నాను. వాడికి ముక్కు సరిగా ఆడటం లేదని నాకు తట్టనే లేదు. తలుచుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

డబ్బు దగ్గరికొస్తాను, ఎక్కువమంది టెన్షన్ అదే. మేం మొదట వెళ్లిన క్లినిక్‌లో 48,000 రూపాయల ప్యాకేజీ చెప్పారు. పళ్లకు పెట్టుకునే సిలికాన్ ట్రైనర్, ఏడాది సెషన్లు, ఈఎంఐ సౌకర్యం. ఆ రోజు వాడి ముక్కు మాత్రం ఎవరూ చూడలేదు. మా ఆయన సంతకం పెట్టబోతుంటే మా అత్తమ్మ, "వాడికి ముక్కు మూసుకుపోయి ఉంటే నోరెట్లా మూస్తాడు?" అన్నారు. అందరం లేచి వచ్చేశాం.

తర్వాత రుయా ప్రభుత్వ ఆసుపత్రిలో ఓపీ చీటీ రాయించుకుని ఈఎన్‌టీ డాక్టర్‌కి చూపించాం. ముక్కు వెనక ఉండే అడినాయిడ్స్ అనే మెత్తని కండ కొంచెం పెరిగింది, అలర్జీ కూడా ఉంది అన్నారు. స్ప్రే రాసిచ్చారు. కొందరు పిల్లలకు టాన్సిల్స్, కొందరికి నాలుకను కిందికి పట్టి ఉంచే సన్నని పొర పొట్టిగా ఉండటం, కొందరికి వేలు చీకే అలవాటు కారణం అవుతాయి. కారణం తెలియకుండా ఎక్సర్‌సైజులు మొదలుపెట్టొద్దండి. ఇంటర్నెట్‌లో చూసి పిల్లల నోటికి టేపు వేయడం అసలే వద్దు.

ముక్కు తెరుచుకున్నాక స్పీచ్ థెరపిస్ట్ దగ్గరికి వెళ్లాం. సెషన్‌కు 500 తీసుకున్నారు. మొదటి రెండు నెలలు వారానికొకటి, తర్వాత రెండు నెలలు పదిహేను రోజులకొకటి, ఇప్పుడు నెలకొకటి. లెక్కేస్తే 15 సెషన్లు, 7,500 రూపాయలు. "ఇంట్లో మేం రోజూ చేయిస్తాం, సెషన్లు కాస్త దూరం పెట్టండి" అని మొదటి రోజే అడిగాను, ఆవిడ ఒప్పుకున్నారు. అడగడానికి మొహమాటపడకండి. నిజంగా పని జరిగేది ఇంట్లోనే. పొద్దున ఐదు నిమిషాలు, రాత్రి ఐదు నిమిషాలు. గుర్రం డెక్కల చప్పుడులా నాలుకతో టక్ టక్‌మనిపించడం, నాలుకను అంగిలికి అతికించి పట్టుకోవడం, గుక్కెడు నీళ్లు పెదాలు కదపకుండా మింగడం.

ఏ స్పీచ్ థెరపిస్ట్ దగ్గరికి వెళ్లినా రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా (వాళ్లను నమోదు చేసే ప్రభుత్వ సంస్థ) రిజిస్ట్రేషన్ ఉందా అని అడగండి. గోడ మీద ఏదో చిన్న కోర్సు సర్టిఫికెట్ ఉంటే చాలదు. మామూలు ఆరోగ్య బీమాల్లో ఓపీ ఖర్చు సాధారణంగా రాదు, దాని మీద ఆశ పెట్టుకోకండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద 18 ఏళ్ల లోపు పిల్లలకు ఉచితంగా పరీక్షలు చేస్తారు, పళ్లు, మాట సమస్యలు కూడా అందులో ఉన్నాయి. స్కూల్లోనో అంగన్‌వాడీలోనో అడగండి. పళ్లు చూపించడానికి డెంటల్ కాలేజీ ఓపీకి వెళ్తే ఖర్చు తగ్గుతుంది, మనకి రేణిగుంట రోడ్డులో ఉంది. సమస్య పెద్దదైతే మైసూరులో కేంద్ర ప్రభుత్వ వాక్ శ్రవణ సంస్థ ఉంది, తిరుపతి నుంచి నేరుగా రైలుంది.

ఫలితం సంగతి. నిద్రలో ఊపిరి ఆగిపోయే సమస్య మీద 2015లో వచ్చిన ఒక సమీక్షలో, ఈ ఎక్సర్‌సైజులతో పిల్లల్లో ఆ సమస్య 62 శాతం తగ్గిందని రాశారు. కానీ అందులో లెక్కలోకి తీసుకున్న పిల్లలు పాతికమందే. అందుకే ఇది డాక్టర్ వైద్యానికి తోడు మాత్రమే, దాని బదులు కాదు. మావాడికి పళ్ల సందు నాలుగు మిల్లీమీటర్ల నుంచి రెండున్నరకు వచ్చింది. ముందు పళ్లు ఇంకా దిగుతున్న వయసు కాబట్టి అదంతా థెరపీ వల్లే అని నేను చెప్పను. టీవీ చూస్తూ తింటే నాలుక మళ్లీ ముందుకొస్తుంది. 'స' మాత్రం బాగా తిరిగింది.

పోయిన నెల తిరుమల నుంచి బస్సులో దిగుతున్నాం. ఘాట్ రోడ్డు మలుపుల్లో వాడు నా ఒడిలో తలపెట్టి నిద్రపోయాడు. మా ఆయన మోచేత్తో పొడిచి, వాడి మొహం వైపు చూపించారు. పెదాలు మూసే ఉన్నాయి. అలిపిరి వచ్చేదాకా ఇద్దరం వాడినే చూస్తూ కూర్చున్నాం.