వాషింగ్టన్‌లో మారిన మొదటి పాట

నమస్కారం. న్యూయార్క్‌లోని పేరున్న నాటకశాలల కేంద్రమైన బ్రాడ్‌వేకు రాబోయే మ్యూజికల్‌ను, అంటే పాటలతో నడిచే నాటకాన్ని, ముందుగా వేరే ఊళ్లో కొన్ని వారాలు ఆడించి చూడడం అమెరికా రంగస్థలంలో పాత ఆనవాయితీ. దీన్నే ట్రైఅవుట్ అంటారు. రాత్రి టిక్కెట్టు కొన్న జనం ముందు ఆడతారు, పగలు కథనూ పాటలనూ తిరగరాస్తారు. ఈ పద్ధతి విలువ తెలియాలంటే 1962లో ‘ఎ ఫన్నీ థింగ్ హాపెన్డ్ ఆన్ ద వే టు ద ఫోరమ్’కు ఏం జరిగిందో చూడాలి.

ప్రాచీన రోమన్ నాటకకర్త ప్లాటస్ ప్రహసనాల ఆధారంగా అల్లిన కథ ఇది. స్టీఫెన్ సోండ్‌హైమ్ సాహిత్యంతో పాటు సంగీతం కూడా తానే సమకూర్చగా బ్రాడ్‌వేకు వచ్చిన తొలి మ్యూజికల్ ఇదే. దర్శకుడు జార్జ్ అబాట్ ప్రహసనాల్లో తలపండినవాడు. అయినా వాషింగ్టన్‌లో సమీక్షకులు పెదవి విరిచారు, ప్రేక్షకులు నవ్వలేదు. హాస్యం పండకపోతే ఎవరైనా ముందు సంభాషణలనే అనుమానిస్తారు.

అప్పుడు సలహా కోసం నృత్య దర్శకుడూ రంగస్థల దర్శకుడూ అయిన జెరోమ్ రాబిన్స్‌ను పిలిచారు. అది అంత తేలిక కాదు: 1953లో కమ్యూనిస్టుల కోసం వెతుకుతున్న అమెరికా ప్రతినిధుల సభ విచారణ సంఘం ముందు ఆయన సహచరుల పేర్లు చెప్పాడు, ప్రధాన నటుడు జీరో మోస్టెల్ అదే కాలపు బ్లాక్‌లిస్టులో, అంటే కమ్యూనిస్టులన్న అనుమానంతో పని ఇవ్వకుండా పక్కన పెట్టినవారి జాబితాలో, నలిగినవాడు. అయినా మోస్టెల్ ఒప్పుకున్నాడు.

నాటకం చూసిన రాబిన్స్ తప్పంతా మొదటి పాటలోనే ఉందన్నాడు. ‘లవ్ ఈజ్ ఇన్ ది ఎయిర్’ అనే ఆ పాట వినసొంపుగా, సున్నితంగా ఉండడంతో ప్రేక్షకులు ఏదో ముచ్చటైన ప్రేమకథకు సిద్ధపడి కూర్చునేవారు. ఆ తర్వాత వేదికపై తలుపులు దడదడలాడుతూ, బానిసలూ యజమానులూ ఒకరినొకరు తరుముకుంటూ ఉంటే ఇదేమిటని తెల్లబోయేవారు. సోండ్‌హైమ్ దాని స్థానంలో ‘కామెడీ టునైట్’ రాశాడు. మన సూత్రధారుడిలాగే మోస్టెల్ ముందుకొచ్చి, ఈ రాత్రి విషాదం లేదు, అంతా హాస్యమేనని సూటిగా చెప్పేస్తాడు. రాబిన్స్ ఆ ఒక్క పాటనూ చేష్టలతో, గందరగోళంతో నింపి మిగతా నాటకానికి మచ్చు చూపించాడు. సంభాషణలలో లోపం లేదని తేలడానికి ఇంతకన్నా వేరే రుజువు అక్కర్లేదని నా అభిప్రాయం.

మే 8న ఆల్విన్ థియేటర్‌లో తెర లేచింది, 964 ప్రదర్శనలు నడిచింది. 1963లో ఉత్తమ మ్యూజికల్‌గా బ్రాడ్‌వే నాటకాలకిచ్చే టోనీ పురస్కారం అందుకుంది. నాటకాన్ని గట్టెక్కించిన పాట రాసిన సోండ్‌హైమ్‌కు మాత్రం స్వరకర్తగా నామినేషన్ కూడా దక్కలేదు.