రంగు అంటే ఉత్త ఇంట్ కాదు: కాట్లిన్‌లో కలర్ టైపు ఎందుకు?

"రంగుకి ప్రత్యేకంగా ఒక టైపు ఎందుకండీ, ఇంట్ చాలదా?" కోడ్ రివ్యూల్లో ఈ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. చాలదు. ఇంట్ అంటే ఉత్త పూర్ణాంకం, టైపు అంటే ఆ విలువ ఏ రకమో కంపైలర్‌కి చెప్పే పేరు. ఎందుకు చాలదో కాట్లిన్ భాషలో రాసే ఆండ్రాయిడ్ కోడ్‌లోనే చూద్దాం. హెక్స్ అంటే ఏంటో మీకు తెలుసు కాబట్టి దాని జోలికి పోను.

వంటింట్లో మూడు స్టీలు డబ్బాలున్నాయనుకోండి. ఉప్పు, పంచదార, వంటసోడా. మీద పేర్లు లేవు, మూడూ తెల్లగానే ఉంటాయి. పాయసంలో ఏది పడుతుందో మీ అదృష్టం! ఆండ్రాయిడ్ పాత వ్యూ సిస్టమ్‌లో ఇంట్ సరిగ్గా ఇలాంటి డబ్బానే. రంగు విలువా ఇంటే, యాప్ ఫైళ్లలో దాచిన రంగుని సూచించే నంబరు, అంటే రిసోర్స్ ఐడీ కూడా ఇంటే.

[స్క్రీన్ మీద: సెట్ బ్యాక్‌గ్రౌండ్ కలర్‌కి రిసోర్స్ ఐడీ ఇచ్చిన లైను]

ఇది చూడండి. రంగు ఇవ్వాల్సిన చోట ఐడీ ఇచ్చారు. కంపైలర్ నోరెత్తదు. మరి తెర మీద ఏమొస్తుంది? మన యాప్ రిసోర్స్ ఐడీలు 7ఎఫ్‌తో మొదలవుతాయి. ఆండ్రాయిడ్ రంగులో మొదటి బైట్ ఆల్ఫా, అంటే రంగు ఎంత పారదర్శకమో చెప్పేది; 0 అయితే అసలు కనబడదు, 255 అయితే పూర్తిగా కనబడుతుంది. 7ఎఫ్ అంటే 127, అంటే సగం పారదర్శకం. తర్వాతి బైట్లు మామూలుగా చిన్న అంకెలే. అందుకే మీరు కోరిన ఎరుపు బదులు, వెనకున్నది సగం కనబడేలా ఒక మురికి నలుపు వస్తుంది. ఇక థీమ్ ఫైళ్లన్నీ తిరగేస్తూ కూర్చుంటారు, తప్పేమో అక్కడ ఉండదు.

దీనికోసమే కలర్ ఇంట్, కలర్ రెస్ అనే అనోటేషన్లు వచ్చాయి. అవి డబ్బాకి అంటించిన చీటీలు. కోడ్‌లో తప్పులు వెతికే లింట్ అనే పనిముట్టు నడిపితే చదివి పట్టుకుంటుంది, కంపైలర్ మాత్రం వాటిని పట్టించుకోదు.

ఆండ్రాయిడ్ తెరలు కట్టే కొత్త పద్ధతి జెట్‌ప్యాక్ కంపోజ్ అసలు మూతల సైజులే మార్చేసింది. అందులో కలర్ ఒక వాల్యూ క్లాస్, అంటే ఒకే విలువని చుట్టి దానికి సొంత టైపు ఇచ్చేది. ఉప్పు డబ్బా మూత పంచదార డబ్బాకి పట్టదు, అంటే ఐడీ ఇస్తే కంపైలే కాదు. లోపల ఉండేది ఒకే ఒక్క 64 బిట్ల అంకె, చాలా చోట్ల ఆబ్జెక్ట్ కూడా పుట్టదు. ఇంత భద్రత దాదాపు ఉచితంగా వస్తుంటే ఎందుకు వద్దంటారో నాకు అర్థం కాదు.

అయితే డబ్బా సరైనదే అయినా, నింపేటప్పుడు పొరపాటు జరగొచ్చు.

[స్క్రీన్ మీద: #33669980]

వెబ్ పేజీల రంగులు, రూపం రాసే సీఎస్ఎస్‌లో ఇది సగం పారదర్శకమైన నీలం, ఆల్ఫా చివర ఉంటుంది. ఇదే, హెక్స్ రాతని రంగుగా మార్చే ఆండ్రాయిడ్ పార్స్ కలర్ ఫంక్షన్‌కి ఇస్తే ముందున్న 33ని ఆల్ఫా అనుకుంటుంది. 20 శాతం మాత్రమే కనబడే బూడిద ఆకుపచ్చ వస్తుంది! కంపోజ్‌లో ఇంకో గొయ్యి ఉంది: ఆల్ఫా మర్చిపోయి 0ఎక్స్336699 అని రాస్తే ఆల్ఫా సున్నా. అక్షరాలు మాయం, ఎర్రర్ ఉండదు.

అందుకే డబ్బా నింపే దారి ఒక్కటే ఉంచండి. సీఎస్ఎస్ హెక్స్‌కి మీ సొంత వాల్యూ క్లాస్ రాసి, కన్‌స్ట్రక్టర్‌ని ప్రైవేట్ చేయండి, అంటే బయటివాళ్లు నేరుగా దాన్ని తయారు చేయలేకుండా. పార్స్ ఫంక్షన్ అంకెలు లెక్కపెట్టి, తేడా ఉంటే నల్, అంటే ఖాళీ విలువ ఇవ్వాలి. కలర్‌గా మార్చే ఫంక్షన్ ఒక్కటే, బైట్ల వరస మారేది అక్కడే. ఎనిమిదంకెల హెక్స్ ఉత్త స్ట్రింగ్‌గా పది ఫంక్షన్ల గుండా తిరగడం నాకు అస్సలు నచ్చదు.

టైమ్ అయిపోతోంది, రంగులు కలపడం గురించి గబగబా చెప్పేస్తాను. తెరలు మామూలుగా వాడే రంగుల లెక్క ఎస్‌ఆర్‌జీబీ, అందులో ఒక్కో రంగుకి 0 నుంచి 255 దాకా అంకెలు. దాంట్లో 128 అంటే సగం వెలుతురు కాదు, తెలుపులో దాదాపు 22 శాతమే. అందుకే ఎరుపు, ఆకుపచ్చల అంకెలకి సగటు తీస్తే మధ్యలో మసిపట్టినట్టు కనబడుతుంది. కంపోజ్‌లో రెండు రంగుల మధ్య రంగుని ఇచ్చే లెర్ప్ ఫంక్షన్ వాడండి, అది మన కంటికి కనబడే తేడాల ప్రకారం లెక్కవేసే ఓకేల్యాబ్‌లో కలుపుతుంది. రస్ట్ భాష వాడేవాళ్లయితే పాలెట్ లైబ్రరీ చూడండి, అందులో మామూలు ఎస్‌ఆర్‌జీబీ, అంకె నేరుగా వెలుతురుకి సరిపోయే లీనియర్ ఎస్‌ఆర్‌జీబీ వేర్వేరు టైపులు. ఒకదాన్ని ఇంకోదానితో కలపబోతే కోడ్ కంపైలే కాదు.