ఆకాశంలో వింత వెలుగు కనిపిస్తే ఫ్రాన్స్‌లో ఏం అడుగుతారు?

[తెర మీద: చీకటి ఆకాశం. మూడు లైట్లు మెల్లగా కదులుతున్నాయి. చప్పుడు లేదు.]

1990 నవంబర్ 5, సోమవారం. సాయంత్రం ఏడు గంటలు. ఫ్రాన్స్‌లో జనం ఆఫీసుల నుంచి ఇళ్లకు వెళ్తున్నారు. నెత్తి మీదుగా లైట్ల వరస ఒకటి వెళ్లింది. చాలామంది చెప్పింది ఒకటే: పేద్ద త్రికోణం, చాలా కిందగా, చప్పుడు లేకుండా వెళ్లిపోయింది అని.

మన దగ్గరైతే ఇలాంటివి వాట్సాప్‌లో పుట్టి వాట్సాప్‌లోనే పోతాయి. అక్కడ అలా కాదు. ఊళ్లలో పోలీసు పని చూసే జాందార్మ్‌లు వాంగ్మూలం రాసుకుంటారు. అది తులూజ్‌కి వెళ్తుంది. అక్కడ ఫ్రాన్స్ అంతరిక్ష సంస్థలో, అంటే వాళ్ల ఇస్రోలో అనుకోండి, దీనికోసమే ఒక చిన్న విభాగం ఉంది. 1977లో మొదలైంది. మధ్యలో పేర్లు మారాయి, ఇప్పుడు జేపాన్ అంటారు.

[యాంకర్ కెమెరా వైపు చేయి చాచి, చిటికెన వేలు చూపిస్తూ]

ఇప్పుడు అసలు విషయం. చూసినవాళ్లు మొదట ఏం చెప్తారు? "ఫుట్‌బాల్ గ్రౌండ్ అంత ఉందండీ, డాబా మీదకి దిగినట్టే ఉంది." విచారణలో ఈ మాటకి విలువ చాలా తక్కువ. అబద్ధమాడుతున్నారని కాదు. ఈ రాత్రి చేయి బాగా చాచి, ఒక కన్ను మూసి, చిటికెన వేలు చంద్రుడికి అడ్డం పెట్టి చూడండి. దాదాపు 3,470 కిలోమీటర్ల వెడల్పున్న చంద్రుడు మీ వేలి వెనక మాయం! దూరం తెలియకుండా సైజు చెప్పడం ఎవరి వల్లా కాదు. చీకట్లో దూరం చెప్పే ఆధారమే ఉండదు.

అందుకే వాళ్ల ప్రశ్నలు చప్పగా ఉంటాయి. ఎక్కడ నిలబడ్డారు? ఏ ఇంటి కప్పు పక్కన కనిపించింది? ఎటు నుంచి ఎటు పోయింది? టైం ఎంత? ఒక బొమ్మ గీయండి.

1990లో కేసు తేలింది ఈ చప్పటి జవాబుల వల్లే. నైరుతిలో గాస్కనీ వాళ్లూ, ఈశాన్యంలో అల్సాస్ వాళ్లూ ఇంచుమించు ఒకే టైం చెప్పారు. కదిలిన దిక్కూ ఒకటే, నైరుతి నుంచి ఈశాన్యానికి. డాబా ఎత్తున ఎగిరేది ఒక ఊరికి కనిపిస్తుంది, మహా అయితే పక్క ఊరికి. దేశమంతా చూసిందంటే అది ఎక్కడో చాలా పైన ఉండాలి.

[తెర మీద: ఫ్రాన్స్ మ్యాప్, అడ్డంగా ఒక గీత]

పైన ఉన్నది ప్రోటాన్ రాకెట్ మూడో దశ. రెండు రోజుల ముందు సోవియట్ వాళ్లు బైకనూర్ నుంచి గోరిజాంట్ ఉపగ్రహాన్ని పంపినప్పటిది. తిరిగి వాతావరణంలో పడి, ముక్కలై మండిపోయింది. ఒక్కో లైటూ ఒక్కో ముక్క. మరి ఆ త్రికోణం? లైట్ల మధ్య నల్లటి ఆకాశాన్ని మన బుర్రే కలిపి ఒక ఒళ్లు తయారుచేసింది. ముగ్గుకి చుక్కలు పెట్టగానే గీతలు మనకి ముందే కనిపించవూ, అలాగన్నమాట.

ప్రతి కేసూ ఇంత బాగా తేలదు. జేపాన్ వాళ్లు కేసుకి ఏ, బీ, సీ, డీ అని ముద్ర వేస్తారు. ఏ అంటే తేలింది, బీ అంటే దాదాపు తేలింది. సీ అంటే సమాచారం చాలలేదు. విచారించినా తేలనివి డీ, నూటికి మూడు దాకా ఉంటాయి. డీ అంటే గ్రహాంతరవాసులని కాదు, తెలియలేదని అంతే. చూసినవాళ్ల పేర్లు తీసేసి ఆ ఫైళ్లు అందరికీ చూపిస్తారు. నాకు బాగా నచ్చింది ఇదే.

[యాంకర్ ఫోన్ పైకెత్తి]

మీకు ఎప్పుడైనా అలాంటిది కనిపిస్తే జూమ్ చేయకండి, చీకట్లో ఊగే చుక్క తప్ప ఏమీ రాదు. పక్కింటి వాటర్ ట్యాంకో, కరెంటు స్తంభమో ఫ్రేమ్‌లో పడేలా తీయండి. ఆ చోటు నుంచి కదలకుండా టైం నోట్ చేసుకోండి.