సూది మీద లూపు ఎటు తిరిగి ఉంది?

అందరికీ నమస్కారం.

నేను నిట్టింగ్ ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. పుస్తకాల్లో బొమ్మలు చూసి, వీడియోలు ఆపి ఆపి చూసి, అల్లింది విప్పి మళ్ళీ అల్లి పట్టుబడ్డ పని ఇది. ఏడేళ్ళ తర్వాత మొదటిసారి క్లాసులో కూర్చున్నాను. ఆ రోజు గురించే చెబుతాను.

వెళ్ళేముందు బాగా టెన్షన్ పడ్డాను. నేను సూదులు పట్టుకునే తీరే తప్పని తేలుతుందేమోనని భయం. వెళ్ళి చూస్తే కొందరు దారాన్ని కుడిచేత్తో సూది చుట్టూ వేస్తున్నారు, కొందరు ఎడమ చూపుడువేలి మీద బిగించి సూదితో లాగుతున్నారు. రెండూ పాత పద్ధతులే. టీచర్ గారు ఎవరి చేతినీ మార్చలేదు.

నా సమస్య వేరు. గుండ్రంగా అల్లిన టోపీ చక్కగా వచ్చేది. అదే ఊలు, అదే సైజు సూదులతో స్వెటర్ ముందు భాగాన్ని అటూ ఇటూ తిప్పుతూ అల్లితే మాత్రం బిగిసిపోయేది. వరస విడిచి వరస కుట్లు మెలికపడేవి. చెయ్యి బిగువేమో అనుకుని సూదులు మార్చాను, ఊలు మార్చాను.

టీచర్ గారు పక్కన కూర్చుని, "ఒక వరస పర్ల్ వెయ్యండి, చూస్తాను" అన్నారు. పర్ల్ అంటే ఉల్టా కుట్టు, అల్లికను తిప్పినప్పుడు వెనకవైపు వరసలో వేసేది. సగం వరస కాకముందే, "ఆగండి, దారం ఎటునుంచి చుట్టారు?" అన్నారు.

సూది మీది ప్రతి లూపుకీ రెండు కాళ్ళుంటాయి. మామూలుగా కుడికాలు సూదికి ముందువైపు ఉంటుంది. పర్ల్ వేసేటప్పుడు దారాన్ని సూది పైనుంచి కిందికి చుడితేనే అలా కూర్చుంటుంది. నేను కిందనుంచి పైకి చుడుతున్నాను. దాంతో కుడికాలు వెనక్కి పోతోంది. తర్వాతి వరసలో అలవాటుగా ముందుకాల్లోకి సూది పెడితే కుట్టు మెలికపడుతోంది. గుండ్రంగా అల్లిన టోపీలో పర్ల్ వరసలే లేవు, అందుకే ఈ తప్పు అక్కడ కనిపించలేదు. వీడియోలో చేతుల్ని నేను చూశాను గానీ, ఏడేళ్ళలో నా చేతుల్ని చూసినవాళ్ళే లేరు.

ఇంకో సంగతి కూడా అప్పుడే తేలింది. 10 సెంటీమీటర్లకు ఎన్ని కుట్లో నేను టోపీ మీద కొలిచాను. 22 వచ్చాయి. తిప్పి అల్లినప్పుడు 24 వస్తున్నాయి. 220 కుట్ల ఛాతీ చుట్టుకొలత 100 సెంటీమీటర్లు రావలసింది 92 దాకా కూడా రాదు. స్వెటర్ ఎలా అల్లబోతున్నామో నమూనా ముక్కనీ అలాగే అల్లాలి, ఉతికి ఆరేశాకే కొలవాలి.

దీనికి రెండు దారులు చెప్పారు. పర్ల్ చుట్టు మార్చుకోవచ్చు. లేదా నా చుట్టు అలాగే ఉంచి, తర్వాతి వరసలో వెనక కాల్లోంచి అల్లుకోవచ్చు. దీన్ని కాంబినేషన్ నిట్టింగ్ అంటారు, చాలామంది ఇలాగే అల్లుతారు. నేను రెండోదే తీసుకున్నాను. ఒక్క జాగ్రత్త ఉంది. ప్యాటర్న్‌లో రెండు కుట్లు కలిపి అల్లమన్న చోట ముందుగా లూపులు సరిగ్గా తిప్పి పెట్టుకోవాలి.

ఈ ముక్కను అందరూ చేతిలోకి తీసుకుని చూడండి. కింది సగం పాత అల్లిక, పై సగం క్లాసు తర్వాతది. ముందు కిందివైపు సాగదీసి, ఆ తర్వాత పైన సాగదీయండి.