విదేశీ చదువుకు స్కాలర్‌షిప్: కులం సర్టిఫికెట్ తర్వాత ఏం కావాలి?

వేదిక మీదున్న పెద్దలకు, కళ్యాణదుర్గం, ఉరవకొండ, గుత్తి నుంచి పొద్దున్నే బస్సెక్కి అనంతపురం వచ్చిన విద్యార్థులకు నమస్కారం. నాకు అరగంట ఇచ్చారు. అందులో సగం కాగితాల గురించే మాట్లాడతాను, విసుక్కోవద్దు. నేను చూసినంతలో మన పిల్లలకు విదేశీ స్కాలర్‌షిప్ మార్కుల దగ్గర కంటే కాగితాల దగ్గరే ఎక్కువగా చేజారుతోంది.

అణగారిన కులాల పిల్లలు స్కాలర్‌షిప్ మీద విదేశాలకు పోవడం ఈనాటిది కాదు. 1913లో అంబేడ్కర్ అమెరికాలోని కొలంబియా యూనివర్సిటీకి వెళ్లింది బరోడా సంస్థానం డబ్బుతోనే. నెలకు పదకొండున్నర పౌండ్లు. 1917లో గడువు అయిపోయేసరికి, కొలంబియా తర్వాత మొదలుపెట్టిన లండన్ చదువు మధ్యలో వదిలి వెనక్కి రావాల్సి వచ్చింది. మళ్లీ 1920లో వెళ్లి పూర్తి చేశారు. స్కాలర్‌షిప్ వచ్చిందంటే కష్టాలన్నీ తీరినట్టేనని ఎవరైనా చెబితే ఈ సంగతి గుర్తు చేసుకోండి.

ఇప్పుడు మన ముందున్న ప్రధానమైన పథకం నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్. కేంద్ర సామాజిక న్యాయ శాఖ ఇస్తుంది. మొత్తం 125 సీట్లు. 115 ఎస్సీలకు, 6 సంచార, విముక్త జాతులకు, మిగిలిన 4 భూమి లేని వ్యవసాయ కూలీల పిల్లలకు, సంప్రదాయ చేతివృత్తుల వారి పిల్లలకు కలిపి. వయసు 35 లోపు ఉండాలి, కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షలు దాటకూడదు, అర్హత పరీక్షలో 60 శాతం మార్కులుండాలి. మాస్టర్స్‌కు, పీహెచ్‌డీకి మాత్రమే ఇస్తారు. ఇంటర్ అయిపోయి బీటెక్ కోసం అమెరికా పోతానంటే ఇది వర్తించదు.

ఎస్టీలకు గిరిజన వ్యవహారాల శాఖ పథకం వేరే ఉంది. అందులో 20 సీట్లే. ఇక్కడ ఒక చిక్కుంది, తండాల నుంచి వచ్చినవాళ్లు జాగ్రత్తగా వినండి. మన రాష్ట్రంలో సుగాలీలు, ఎరుకలవాళ్లు ఎస్టీలు. ఆ సుగాలీలనే రాయదుర్గం దాటి బళ్లారికి పోతే లంబాణీలంటారు, కర్ణాటకలో వాళ్లు ఎస్సీలు. మహారాష్ట్రకు పోతే వాళ్లే బంజారాలు, అక్కడ విముక్త జాతి. మాట్లాడే భాష ఒకటే, చేసుకునే తీజ్ పండుగ ఒకటే, కానీ దరఖాస్తు చేయాల్సిన శాఖ మారిపోతుంది. యూట్యూబ్‌లో నాగపూర్ అబ్బాయి చెప్పింది విని మీరు అప్లై చేస్తే మొదటి వడపోతలోనే పక్కన పెట్టేస్తారు.

ఇంకో సంగతి నాకు నిజంగానే మింగుడు పడదు. ధర్మవరం పక్కన నిమ్మలకుంట మనందరికీ తెలుసు. తోలుబొమ్మల ఊరు. ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలాటకు 2008లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ ప్రకటించారు. అలాంటి ఇంట్లో పుట్టిన బిడ్డ సంప్రదాయ వృత్తి కోటాలో అప్లై చేయవచ్చు. అయితే ఆ బొమ్మల చరిత్ర మీదే లండన్‌లో పరిశోధన చేస్తానంటే కుదరదు. భారతీయ సంస్కృతి, వారసత్వం, చరిత్ర, భారత సమాజం మీది అంశాలు ఈ పథకం కిందికి రావని 2022లో నిబంధన పెట్టారు. తాతల వృత్తి చూసి సీటు ఇస్తారు, ఆ వృత్తినే చదువుతానంటే ఇవ్వరు! ఇది సరైన నిబంధన అని నేను అనుకోను. కానీ రూలు ఉన్నంతకాలం దాన్ని చూసుకునే సబ్జెక్టు ఎంచుకోవాలి.

అలాంటివాళ్లకు దారులు బొత్తిగా లేవని కాదు. బ్రిటన్‌లో చదువుకు, పరిశోధనకు చార్లెస్ వాలెస్ ఇండియా ట్రస్ట్ కళలకు, వారసత్వ పరిరక్షణకు సాయం చేస్తుంది. అమెరికాలో చదువుకు ఇచ్చే ఫుల్‌బ్రైట్-నెహ్రూ మాస్టర్స్ ఫెలోషిప్‌లో వారసత్వ పరిరక్షణ, మ్యూజియం స్టడీస్ ఉన్నాయి, కాకపోతే మూడేళ్ల ఉద్యోగానుభవం అడుగుతారు. వీటికి కులంతో పని లేదు. 1892లో మొదలైన జె.ఎన్. టాటా ఎండోమెంట్‌కూ అంతే, కానీ అది అప్పు. చదువయ్యాక తిరిగి కట్టాలి.

సరే, కాగితాలు. ఒక ఉదాహరణ చెబుతాను. పదో తరగతి మెమోలో ‘ఎం. రమేష్ నాయక్’ అని ఉంటుంది. ఆధార్‌లో ‘మూడే రమేష్ నాయక్’. క్యాస్ట్ సర్టిఫికెట్‌లో నాయక్ పోయి ఉట్టి ‘మూడే రమేష్’. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడిలో నాయక్ వచ్చి కూర్చుంటుంది. మన ఊళ్లో అందరికీ ఆ రమేష్ ఒక్కడే. ఢిల్లీలో ఫైలు చూసేవాళ్లకు నలుగురు. దరఖాస్తు పోర్టల్ తెరిచేది కొన్ని వారాలే. అప్పుడు పరుగెత్తి ఎమ్మార్వో ఆఫీసులో కూర్చుంటే పని కాదు. పేరు సరిచేసే పని ఈ నెలలోనే మొదలుపెట్టండి. అన్నిటికీ పదో తరగతి మెమోనే ఆధారంగా పెట్టుకోండి. ఎక్కడైనా తేడా మిగిలిపోతే రెండు పేర్లూ ఒకరివేనని నోటరీ అఫిడవిట్ చేయించి పెట్టుకోండి. ఆదాయం సర్టిఫికెట్ తాజాది సచివాలయంలో తీసుకోండి. సర్టిఫికెట్లన్నీ ఇంగ్లీషులో ఉండేలా చూసుకోండి.

రెండోది ఆఫర్ లెటర్. యూనివర్సిటీ పంపే లెటర్ రెండు రకాలు. ‘ఫలానా మార్కుల మెమో పంపితే, ఐఈఎల్‌టీఎస్ ఇంగ్లీషు పరీక్షలో స్కోరు వస్తే సీటు ఇస్తాం’ అనేది కండిషనల్. ఏ షరతూ లేకుండా సీటు ఇచ్చేది అన్‌కండిషనల్. నేషనల్ ఓవర్సీస్‌కు రెండోదే చెల్లుతుంది. ఆ యూనివర్సిటీ క్యూఎస్ అనే ప్రపంచ యూనివర్సిటీల ర్యాంకుల్లో మొదటి 500లో ఉండాలి. కన్సల్టెన్సీవాళ్లు సులువుగా ఆఫర్ తెప్పించే యూనివర్సిటీల్లో చాలా భాగం ఆ జాబితాలోనే ఉండవు. వాళ్లకు వచ్చే కమిషన్ వేరే లెక్క.

ఇక ఎస్ఓపీ, అంటే స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్. ఏం చదవాలనుకుంటున్నారో, ఎందుకో మీరు రాసిచ్చే వ్యాసం. యూనివర్సిటీ సీటు ఇచ్చే ముందు దీన్నీ చూస్తుంది. ఒకమ్మాయి నాకు చూపించిన ఎస్ఓపీలో మొదటి పేజీ అంతా కష్టాలే. నాన్న కూలికి పోవడం, అమ్మ రేషన్ బియ్యం, హాస్టల్ నీళ్ల చారు. అన్నీ నిజాలే, చదువుతుంటే గొంతు పట్టుకుంది. కానీ ఆమె అడుగుతున్నది హైడ్రాలజీలో మాస్టర్స్! ‘మీ ఊళ్లో బోర్లు ఎంత లోతు పోయాయమ్మా?’ అని అడిగాను. గడగడా చెప్పింది. ఏ చేలో ఏ ఏడాది ఎండిందో, ఏ బోరు నీళ్లు తాగితే పిల్లల పళ్లు గార పట్టాయో, డిగ్రీ ప్రాజెక్టులో ఏ నీళ్లు పరీక్షించిందో. మరి ఇదంతా ఎక్కడ రాశావంటే, ‘ఇది మా ఊరి సంగతి కదా సార్, వాళ్లకెందుకు?’ అంది. కష్టం ఒక్క వాక్యంలో పెట్టించి, మిగతాదంతా బోర్ల మీద రాయించాం. మీ పుట్టుకను సర్టిఫికెట్ చెబుతుంది. ఎస్ఓపీలో మీరు చేసిన పని, చేయబోయే పని ఉండాలి.

డబ్బు సంగతి కూడా దాపరికం లేకుండా చెప్పుకోవాలి. నేషనల్ ఓవర్సీస్‌లో ట్యూషన్ ఫీజు, విమానం టికెట్, వీసా ఫీజు, ఇన్సూరెన్స్ వాళ్లే భరిస్తారు. ఖర్చులకు బ్రిటన్‌లో ఏడాదికి 9,900 పౌండ్లు, మిగతా దేశాల్లో 15,400 డాలర్లు. అంటే బ్రిటన్‌లో నెలకు 825 పౌండ్లు. చిన్న ఊళ్లో సర్దుకోవచ్చు, లండన్‌లో గది అద్దెకే చాలా భాగం పోతుంది. 2025లో ఎంపికైన 106 మందిలో మొదట 40 మందికే అవార్డు లెటర్లు ఇచ్చి, మిగతావాళ్లకు నిధులు ఉంటేనే ఇస్తామన్నారు. ఆ పిల్లలు పడిన టెన్షన్ అంతా ఇంతా కాదు. కాబట్టి ఈ ఒక్కదాన్నే నమ్ముకోకుండా బ్రిటన్ ప్రభుత్వం ఇచ్చే కామన్‌వెల్త్, చెవెనింగ్ స్కాలర్‌షిప్‌ల లాంటివి కూడా పక్కన పెట్టుకోండి.

చివరగా వేదిక మీదున్న అధ్యాపక మిత్రులకు ఒక విన్నపం. రికమండేషన్ లెటర్ అడిగితే ‘నువ్వే టైప్ చేసుకుని రా, సంతకం పెడతా’ అంటున్నాం. ఎనిమిది మంది పిల్లలకు ఒకే లెటర్ పేర్లు మార్చి పోతోంది. ఆ అమ్మాయి నీళ్ల శాంపిళ్లు సీసాల్లో పట్టుకుని ల్యాబ్‌కు వచ్చిన సంగతి మీరు రాయకపోతే ఎవరు రాస్తారు? రెండు పేరాలు చాలు, మీ చేత్తో రాయండి.

ఇక మీరు అడగండి. మైకు వెనక బెంచీల నుంచి మొదలుపెట్టండి, ముందువాళ్లు ఎలాగూ అడుగుతారు.